సాగర్ రోడ్డులో చెల్లెలి సంతకం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి తుర్కయంజాల్‌లో దిగండి. ట్రాఫిక్ కరుణిస్తే గంటలోపు ప్రయాణం. ఆ కాస్త దూరంలోనే మూడు తరాల ఆడపిల్లల కథ కిటికీలోంచి కనిపిస్తుంది. చదువుకున్నారు, ఉద్యోగాల్లో చేరారు, సముద్రాలు దాటారు. మరి పుట్టింటి భూమి కాగితాల దగ్గరికొచ్చేసరికి..?

నల్గొండ, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకి హైదరాబాద్ అంటే ముందు కనిపించేది చార్మినార్ కాదు, దిల్‌సుఖ్‌నగర్! సంచి భుజాన వేసుకుని బస్సు దిగిన పల్లెటూరి కుర్రకారుకి నగరం తొలి పాఠాలు నేర్పేది ఇక్కడే. సందు సందుకీ కోచింగ్ సెంటర్. మెట్ల కింద జిరాక్సు దుకాణం. ఇడ్లీ బండి దగ్గర చేతిలో ప్లేటు, చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం. గోడల మీద, కరెంటు స్తంభాల మీద, ఆఖరికి చెట్ల కొమ్మలకి కూడా ఒకటే బోర్డు - 'లేడీస్ హాస్టల్. ఇంటి భోజనం. వైఫై ఉచితం.'

ఆ బోర్డుని మామూలుగా చదివేసి ముందుకెళ్లిపోతాం. ఒక్క నిమిషం ఆగి చూస్తే అది చిన్న విషయమేం కాదు. పెళ్లికాని ఆడపిల్ల, కన్నవాళ్లకి వంద కిలోమీటర్ల దూరంలో, ముక్కూమొహం తెలియని నలుగురు అమ్మాయిలతో గది పంచుకుని, ఉద్యోగం కోసం ఏడాదో రెండేళ్లో చదువుకుంటోంది. వాళ్ల అమ్మమ్మ కాలంలో ఈ మాట చెబితే ఊరు ఊరంతా అరుగు మీద చేరేది! ఈ మార్పు దానంతటదే రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు 30 శాతం ఇవ్వాలని 1984 జనవరిలో ఉత్తర్వులు వచ్చాయి. దానిమీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో కోర్టు ఆ రిజర్వేషన్ సబబేనంది. కూతుర్ని కోచింగ్‌కి పంపే తండ్రి లెక్కలో ఆ తీర్పూ ఉంది, ఆయనకి దాని పేరు తెలియకపోయినా సరే.

జీరో టికెట్ ప్రయాణం

ఇబ్రహీంపట్నం వైపు వెళ్లే 277 బస్సు ఎక్కితే సగానికి పైగా ఆడవాళ్లే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక కండక్టర్ కొట్టే 'జీరో టికెట్' ఈ రోడ్డుని కొంచెం మార్చేసింది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఇంటర్ అమ్మాయికి రోజూ ఇంట్లో చేయి చాపే పని తప్పింది. ఇళ్లలో పనిచేసే ఆమెకి నెల జీతంలో నాలుగు డబ్బులు మిగులుతున్నాయి. 'ఊరికే తిరగడానికి మరిగారు' అని దెప్పేవాళ్లూ ఉన్నారనుకోండి. అవసరం లేకపోయినా బయటికి రాగలగడమే కదా స్వేచ్ఛంటే! మగవాళ్లు టీ కొట్టు దాకా వెళ్లడానికి ఎవరైనా కారణం అడిగారా ఎప్పుడైనా?

2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. రైలు దిగి రింగురోడ్డు దగ్గర సాగర్ బస్సు అందుకునేవాళ్లంతా ఇక్కడే తోసుకుంటారు. ఆ తర్వాత హస్తినాపురం, బీఎన్‌రెడ్డి నగర్, గుర్రంగూడ, ఇంజాపూర్... ఒక్కో స్టాపు దాటేకొద్దీ మేడలు పలచబడి హోర్డింగులు పెరుగుతాయి. ఇంకా ముందుకి వెళ్తే ఇంజినీరింగ్ కాలేజీలు. పక్కదారిలో ఆదిబట్ల. అక్కడ టీసీఎస్ ప్రాంగణం, బోయింగ్‌తో కలిసి టాటాలు అపాచీ హెలికాప్టర్ల కాయం తయారుచేసే కర్మాగారం. అంటే ఈ బస్సులో కిటికీ పక్కన కునుకుతీస్తున్న అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగే కావచ్చు, రేపోమాపో అమెరికా విమానం ఎక్కబోయే విద్యార్థినే కావచ్చు, ఫంక్షన్ హాల్లో వంటపనికి వెళ్తున్న కూలీ బిడ్డే కావచ్చు. ఒకరు చున్నీలో, ఒకరు జీన్స్‌లో, మరొకరు బురఖాలో, ఇంకొకరు మెడలో శిలువతో. వెనక సీట్లో తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్ల, పక్కనే అద్దాల రవికెతో వాళ్ల నాయనమ్మ.

వీళ్లని 'మీరు ఫెమినిస్టులా?' అని అడిగి చూడండి. కిసుక్కున నవ్వుతారు.

"అమ్మో, ఆ మాట మాకెందుకు ఆంటీ! మగవాళ్లతో కొట్లాడేవాళ్లని కదా అలా అంటారు" అంటుంది ఒకమ్మాయి.

"కొట్లాడేదేముంది? నా జీతం నా అకౌంట్లో పడాలె, గంతే" అంటుంది ఆమె స్నేహితురాలు.

"నాకైతే బురఖా వేసుకోవాలా వద్దా అన్నది నేను చెప్పాలి. ఇంట్లోవాళ్లూ కాదు, కాలేజీవాళ్లూ కాదు" అంటుంది మూడో అమ్మాయి.

చూశారా? మాట వద్దన్నారు, సారం మాత్రం తలా కాస్త పట్టుకుపోయారు. అది కూడా ఎవరికి కావలసిన ముక్క వాళ్లు!

ఈ ఊరికి కొత్త కాదు

నిజానికి ఆ మాటకి హైదరాబాద్‌లో యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఉస్మానియా విద్యార్థినులు 1974లో ప్రగతిశీల మహిళా సంఘం పెట్టుకున్నారు. వరకట్నానికీ ఈవ్ టీజింగ్‌కీ వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. ఆ తర్వాత స్త్రీశక్తి సంఘటన. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల నోటి మాటల్ని వాళ్ల మాటల్లోనే రాసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలి మేఘాలు' కవిత్వ సంకలనం ఇంటింటా వాదోపవాదాలు రేపింది. పదేళ్లకి, 2003లో, గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనలతో 'నల్లపొద్దు' వచ్చింది. 'మీరు వంటగది నుంచి బయటికి రావాలంటున్నారు సరే, మేం ఎప్పుడు లోపలున్నాం? పొలంలోనే కదా ఉన్నాం' అన్నది దళిత స్త్రీలు వేసిన ప్రశ్నల సారాంశం. ముస్లిం రచయిత్రులూ తమ గొంతు తాము విప్పారు.

అంటే స్త్రీవాదం ఏనాడూ ఒకే మూసలో పోసిన విగ్రహం కాదన్నమాట. అక్కచెల్లెళ్ల గొడవలాంటిది. ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూనే అందరూ ఒకే చెరువులో నీళ్లు ముంచుకున్నారు. బస్సులో ముగ్గురమ్మాయిలు మూడు రకాలుగా మాట్లాడారంటే ఆశ్చర్యం దేనికి?

దేశాలు దాటినా ఇదే తంతు. 2022లో ఇరాన్ అమ్మాయిలు తలమీద గుడ్డ తీసి గాల్లో ఊపారు. ఆ ఏడాదే మన పక్కనున్న కర్ణాటకలో, ఉడుపి కాలేజీ అమ్మాయిలు అదే గుడ్డ కట్టుకుని తరగతిలో కూర్చోనివ్వమని కోర్టుకెక్కారు. పైకి చూస్తే ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. బస్సులో మూడో అమ్మాయి చెప్పిన మాటని పక్కన పెట్టి చూడండి, రెండూ ఒకటే. నా ఒంటిమీద ఏముండాలో నిర్ణయించేది ఎవరు?

ఇంతకీ బస్సు తుర్కయంజాల్ చేరింది. దిగుదాం. ఎందుకంటే అసలు కథ ఇక్కడుంది.

గజాల్లో కొలిచే ఊరు

ఒకప్పుడు హయత్‌నగర్ మండలంలో, 2016 నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉన్న ఊరు తుర్కయంజాల్. ఊరి గుర్తు మాసబ్ చెరువు. వాన బాగా పడిన ఏడాది నీళ్లు నిండితే, సాయంత్రం పూట గట్టు మీద నిలబడ్డవాళ్లకి పక్కనే హైవే ఉందన్న సంగతి గుర్తుకురాదు. చుట్టూ చూస్తే మాత్రం ఊరు మారిందని చెప్పక్కర్లేదు. గ్రానైటు దుకాణాలు, హార్డ్‌వేర్ షాపులు, ఫంక్షన్ హాళ్లు, రంగురంగుల వెంచర్ బోర్డులు. ఒకనాడు ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడుకున్న నేలని ఇవాళ గజాల్లో మాట్లాడుకుంటున్నారు. అవుటర్ రింగురోడ్డు బొంగుళూరు దగ్గర ఈ రోడ్డుని తాకాక ఆ గజాలకి రెక్కలొచ్చాయి.

భూమికి ధర లేనంతకాలం దాని కాగితాల గురించి ఆడపిల్లలతో పనిపడలేదు. తండ్రి దున్నాడు, తర్వాత కొడుకు దున్నాడు, అంతే. వెంచర్ వచ్చింది చూడండి, అప్పుడు మొదలైంది తంటా. కొనేవాడి తరఫు వకీలు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అన్నీ తిరగేసి ఒక మాటంటాడు - "ఆడపిల్లలున్నారు కదా, వాళ్ల సంతకాలేవీ?"

ఆ ఒక్క ప్రశ్నతో ఎన్నడూ లేనిది అక్కాచెల్లెళ్లకి ఫోన్లు వెళ్తాయి. అత్తారింటి నుంచి రప్పించి, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర చెట్టు కింద కూర్చోబెట్టి, చల్లటి కూల్‌డ్రింక్ చేతికిస్తారు. లోపలికి పిలిచి వేలిముద్ర, ఫొటో, సంతకం. సాయంత్రానికి ఒక చీర, పసుపు కుంకుమ, కొంత డబ్బు. కొన్నిచోట్ల మంచి మొత్తమే ఇస్తారు. కొన్నిచోట్ల బస్సు చార్జీలకి కాస్త పైన. చాలా ఇళ్లలో దీన్ని మోసం అనరు. మర్యాద అంటారు!

బస్టాపులో ఎండకి కొంగు కప్పుకున్న ఒకావిడ ఆ కథే చెప్పింది. "అన్న ఫోన్ జేసిండు. పొద్దుగాల రావాలె, సంతకం ఉందన్నడు. పోయిన, పెట్టిన. ఏం కాగితమో నేనెందుకు చూస్త? అన్న గదా!" అంది. పక్కనే డిగ్రీ చదివే ఆమె కూతురు. అప్పటిదాకా సెల్‌ఫోన్ చూసుకుంటున్న పిల్ల తలెత్తి ఒక్కటే అడిగింది. "అమ్మా, ఆ కాగితం జిరాక్సన్న ఉన్నదా నీ దగ్గర?"

తల్లి సమాధానం చెప్పలేదు. అంతలో బస్సొచ్చింది.

అయిదు రోజుల తేడా

వకీలు ఆ సంతకాలు ఎందుకడుగుతున్నాడు? అదొక పెద్ద కథ, మన రాష్ట్రం గర్వంగా చెప్పుకోదగ్గ కథ.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కుని కొడుకులకే ఉంచింది. దేశంలో తొలిసారిగా కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో ఆ హక్కు ఇచ్చింది ఎన్టీఆర్ హయాంలోని ఆంధ్రప్రదేశ్. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి తెచ్చారు. అయితే ఒక మెలిక. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి హక్కు లేదన్నారు. ఒకే ఇంట్లో పెళ్లయిన అక్కకి సున్నా, పెళ్లికాని చెల్లికి సమాన వాటా!

ఆ తేదీకి సరిగ్గా అయిదు రోజుల తర్వాత, 1985 సెప్టెంబరు 10న, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కన్నుమూసింది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తన పంట ఎత్తుకుపోవడానికి వస్తే ఎదురునిలిచి కాపాడుకున్న మనిషి. 'మనకు తెలియని మన చరిత్ర'లోకి ఎక్కిన ఆనాటి పోరాటానికి నిప్పంటుకున్నది ఆమె పొలంలోనే. ఇవాళ ఈ సాగర్ రోడ్డు నుంచి రోజూ బస్సెక్కి వెళ్లే అమ్మాయిల్లో కొందరు చదివే కోఠీ మహిళా కళాశాల 1924లో మొదలైంది. విశ్వవిద్యాలయంగా ఎదిగిన దానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. ఐడీ కార్డు మీద ఆ పేరున్న పిల్ల, పుట్టింటి భూమి కాగితం మీద మాట్లాడకుండా సంతకం పెట్టడం... ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

దేశమంతటికీ ఈ హక్కు రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. ఈసారి పెళ్లి మెలిక తీసేశారు. ఆ సవరణ కోసం గట్టిగా పనిచేసినవారిలో ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఒకరు. ఆ తర్వాత కూడా 'ఆ రోజుకి తండ్రి బతికుంటేనే' అంటూ మరో వివాదం నడిచింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దానికీ తెరదించింది. హక్కు పుట్టుకతో వస్తుంది, తండ్రి బతికున్నాడా లేదా అన్నదాంతో పనిలేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలైపోయిన, అమ్ముడుపోయిన ఆస్తుల్ని మాత్రం తిరగదోడకూడదు.

ఒకే బస్సు, నాలుగు చట్టాలు

ఇదంతా హిందూ కుటుంబాల సంగతి. బస్సులో మనతోపాటు వచ్చిన మిగతా అమ్మాయిలో?

శిలువ వేసుకున్న అమ్మాయికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. తండ్రి వీలునామా రాయకుండా పోతే పిల్లల వాటాలో కొడుకూ కూతురూ ఒకటే. బురఖా అమ్మాయికి షరియత్ ప్రకారం వాటా ఖాయం, కానీ అన్నదమ్ముడికి వచ్చేదాంట్లో సగం. 'సగమే కదా' అనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అక్కడ తండ్రి మొత్తం ఆస్తిని వీలునామాతో కొడుకులకి రాసేసి కూతుర్ని తప్పించడం కుదరదు. మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు.

మరి లంబాడీ పిల్ల? 1956 చట్టంలోనే ఒక సెక్షన్ ఉంది. కేంద్రం ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదని. 2005 సవరణ కూడా దాన్ని ముట్టుకోలేదు. మంచాల, యాచారం వైపు తండాల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి పోటీ పరీక్షలో ఎవరికీ తీసిపోదు. పుట్టింటి భూమి దగ్గర మాత్రం ఆచారం ఏం చెబితే అది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపుని మార్చే విషయం ఆలోచించమని కేంద్రానికి సూచించింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గిరిజన కుటుంబం కేసులో, ఆడవాళ్లకి వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు వాళ్లని కాదనడం సమానత్వానికి విరుద్ధమని తీర్పిచ్చింది.

ఒకే బస్సులో ఒకే జీరో టికెట్‌తో వచ్చిన నలుగురు. దిగాక నలుగురికి నాలుగు దారులు. స్త్రీవాదం అందరికీ ఒకేలా ఎందుకు కనబడదంటే, ఇదిగో ఇందుకే. ఒకమ్మాయికి చట్టం ఉంది, అడిగే ధైర్యం కావాలి. మరొకరికి ధైర్యం ఉంది, చట్టం కావాలి.

ట్యునీషియాలో 2018 మార్చిలో ఆడవాళ్లు రాజధాని వీధుల్లో ఊరేగింపు తీశారు. అన్నదమ్ములతో సమాన వాటా కావాలన్నది వాళ్ల కోరిక. ఆ ఏడాది నవంబరులో అక్కడి మంత్రివర్గం బిల్లుకి ఒప్పుకుంది. మరుసటి ఏడాది దాన్ని తెచ్చిన అధ్యక్షుడు మరణించారు, బిల్లు చట్టం కాకుండానే ఆగిపోయింది. ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ 1929లోనే లెక్కగట్టి చెప్పింది, ఆడమనిషి రాయాలంటే తనకంటూ ఒక గది, ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం ఉండాలని. లండన్‌లో గది. ట్యూనిస్‌లో వాటా. తుర్కయంజాల్‌లో రెండు వందల గజాలు. పేర్లు వేరు, అవసరం ఒక్కటే.

పుట్టిల్లు పోతుందని

'హక్కుంది కదా, మరి అడగొచ్చుగా' అనడం తేలికే. అడగనివ్వనిది చట్టం కాదు, ప్రేమ. రాఖీ కట్టిన చేతిని వాటా అడగడమా? బతుకమ్మకి ఎవరు పిలుస్తారు, పురిటికి ఎవరు తీసుకెళ్తారు, అత్తారింట్లో మాటొస్తే ఏ గడపకి వెళ్లాలి? ఆడపిల్ల సంతకం పెట్టేది భూమి వద్దని కాదు. పుట్టిల్లు ఉండాలని.

అన్నదమ్ముల వైపూ వినాలి. "కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, అమ్మానాన్నల్ని చూసుకుంటున్నది మేమే" అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ కట్నం తీసుకున్నది అల్లుడి ఇల్లు. కూతురి చేతికి వచ్చిందెంత? పైగా 1961 నుంచి కట్నమే నేరం. నేరంగా ఇచ్చినదాన్ని న్యాయంగా రావలసిన వాటాలో ఎలా కోస్తారు? కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి ఆస్తి హక్కు పోదని 2023లో బాంబే హైకోర్టు గోవా ధర్మాసనం కూడా చెప్పింది. ఇక అమ్మానాన్నల సంగతంటారా, దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకుని ఉద్యోగంలో చేరిన కూతుళ్లు ఎంతమంది నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నారో మీ వీధిలోనే లెక్కపెట్టుకోండి.

అసలు ఆ రెండు వందల గజాలు ఎందుకంత ముఖ్యం? కేరళలో తిరువనంతపురం జిల్లా మహిళల మీద ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. తన పేరిట భూమీ ఇల్లూ ఏదీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నవాళ్లే. రెండూ ఉన్నవాళ్లలో ఆ లెక్క 7 శాతం. ఎందుకంటే వెళ్లడానికి ఒక చోటు ఉందని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. కూతురికి పెట్టిన బంగారం బీరువాలో ఉంటుంది, అవసరమొస్తే కుదువకొట్టుకు వెళ్తుంది. పేరున్న నేల అలా కదలదు.

ఈ రోడ్డులో ఇది ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో, వేరే మతం అమ్మాయిని పెళ్లాడిన యువకుణ్ణి నడిరోడ్డు మీద, భార్య కళ్లెదుటే చంపారు. అదే ఏడాది డిసెంబరులో ఇక్కడికి కూతవేటు దూరంలోని మన్నెగూడలో ఒక గుంపు పట్టపగలు ఇంట్లోకి జొరబడి ఒక యువతిని ఎత్తుకుపోయింది. ఆ రాత్రికే పోలీసులు ఆమెను విడిపించారు. 2024 డిసెంబరులో ఇబ్రహీంపట్నం మండలంలో డ్యూటీకి బయల్దేరిన ఓ యువతి హత్యకు గురైంది. నిందితుడు సొంత సోదరుడు. ఆమె చేసుకున్న కులాంతర వివాహంతోపాటు భూమి గొడవ కూడా కారణమని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. చదువుకోమన్నాం, ఉద్యోగం చెయ్యమన్నాం, బస్సు ఉచితం చేశాం. ఎవరిని పెళ్లాడాలన్నా, తనకి రావలసింది అడగాలన్నా మాత్రం 'మన అమ్మాయేనా ఈ మాటంటున్నది' అని విస్తుపోతున్నాం. దారి ఇంటి గడప దాకా వేసి ఆపేశాం.

సంతకానికి ముందు

అందుకే, ఈ ఆదివారం ఇంట్లో అంతా కూర్చున్నప్పుడు కొన్ని మాటలు మాట్లాడుకోవచ్చు. ముందుగా, ఆస్తి పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది తేల్చుకోవాలి. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే హిందూ కుటుంబంలో కూతురికి పుట్టుకతోనే వాటా. తండ్రి సొంతంగా సంపాదించింది అయితే ఆయన ఇష్టం, ఎవరికైనా రాయొచ్చు. ఏమీ రాయకుండా పోతే మాత్రం కొడుకులతో, తల్లితోపాటు కూతురికీ సమానంగా వస్తుంది.

రెండోది, 'హక్కు విడుదల' అని రాసి ఉన్న కాగితం మామూలు సాక్షి సంతకం కాదు. దాని మీద సంతకం పెట్టి రిజిస్టర్ చేస్తే వాటా వదులుకున్నట్టే. పెట్టకూడదని ఎవరూ అనరు. ఇష్టపూర్తిగా తమ్ముడికి ఇచ్చే అక్కలు మన ఇళ్లలో ఎందరో. అయితే ఇవ్వడానికి ముందు అది తనదని తెలియాలి కదా! తెలిసి ఇస్తే దానం. తెలియకుండా తీసుకుంటే దానికి వేరే పేరుంది. కాబట్టి కాగితం చదివించుకోవాలి, ఎన్ని గజాలో అడగాలి, నకలు దగ్గర పెట్టుకోవాలి. అలా అడిగిన ఆడపిల్లని 'లెక్కలు అడుగుతోంది' అని కాకుండా 'చదువుకుంది' అని చూడాలి. ఆ మాట అన్నదమ్ములే ముందుగా అంటే ఇంకా బాగుంటుంది. "చెల్లీ, ఇది నీ వాటా, ఏం చేద్దామో నువ్వే చెప్పు" అన్న అన్న ఇంటికి బతుకమ్మ పండక్కి చెల్లెలు రాకుండా ఉంటుందా?

మాసబ్ చెరువు గట్టు మీద నిలబడి చూస్తే ఒకవైపు పాత ఊరు, ఇంకోవైపు తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లు. ఆ రాళ్ల మధ్య ఎన్నో సంతకాలున్నాయి. చాలావరకు చదవకుండా పెట్టినవే. 277 బస్సులో రోజూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లొచ్చే పిల్లలకి స్త్రీవాదం అన్న పేరు నచ్చినా నచ్చకపోయినా ఫర్వాలేదు. ఇకమీదట పెట్టబోయే సంతకాన్ని చదివి పెడితే చాలు. ఆ కాగితం జిరాక్సు ఒకటి వాళ్ల సర్టిఫికెట్ల ఫైల్లో, పదో తరగతి మెమో పక్కన ఉంటే మరీ మంచిది.